నిలకడగా ఉన్న ఎం.ఎస్. రోగికి రక్తపరీక్ష అంకె చూసి మందు మార్చవచ్చా?

నిశిత (చర్చ ప్రారంభం)

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) అనే నాడీవ్యాధి ఉందని తేలి తొమ్మిదేళ్లయింది. గత మూడేళ్లుగా జబ్బు తిరగబెట్టలేదు. ఏటా తీసే ఎం.ఆర్.ఐ.లో కొత్త మచ్చలు కనిపించలేదు, నడక పరీక్షలోనూ తేడా రాలేదు. ఈసారి రక్తంలో న్యూరోఫిలమెంట్ లైట్ చైన్ అనే ప్రోటీన్‌ను కూడా కొలిచారు. వయసుకు, శరీర బరువుకు సరిచేసి చూస్తే నా అంకె 94వ పర్సెంటైల్‌లో ఉందని నివేదికలో రాశారు. అంటే నా వయసు, నా బరువు ఉన్న ఆరోగ్యవంతులు 100 మందిని తీసుకుంటే వారిలో 94 మంది కంటే నా రక్తంలో ఆ ప్రోటీన్ ఎక్కువగా ఉందన్నమాట. నన్ను చూసే వైద్యులు ఇప్పుడు వాడుతున్న మందు ఆపి అంతకంటే బలమైన మందుకు మారదామంటున్నారు. రెండో అభిప్రాయం కోసం కలిసిన వైద్యులు మాత్రం, ఒక్క అంకె కోసం నిలకడగా పనిచేస్తున్న మందును కదిలించవద్దన్నారు. ఇద్దరూ అనుభవజ్ఞులే, ఇద్దరూ నా మంచి కోరేవారే.

అందువల్ల ఈ ప్రశ్నను ఇక్కడ చర్చకు పెడుతున్నాను. మిగతా లక్షణాలన్నీ స్థిరంగా ఉన్న మనిషికి, రక్తంలో ఈ ప్రోటీన్ పెరిగిందన్న ఒక్క కారణంతో చికిత్స మార్చడం సబబేనా? ఈ అంకెకూ, రేపు నా కాళ్లు ఎలా పనిచేస్తాయన్నదానికీ నిజంగా ఎంత సంబంధం ఉంది? ఎటువైపు వాదించినా కారణం చూపి వాదించమని మనవి.

తంతువు

నేను నరాల వైద్యంలో పనిచేస్తున్నాను. నా మొగ్గు మందు మార్చడం వైపే ఉందని ముందే చెప్పి, ఆ తరువాత కారణాలు చెబుతాను.

నరకణం నుంచి బయలుదేరే పొడవాటి తంతువును ఆక్సాన్ అంటాం. ఆ తంతువు ఆకారం నిలవడానికి లోపల ఆధారంగా ఉండే సన్నని పోగుల్లో న్యూరోఫిలమెంట్ ఒక భాగం. వయసుతో పాటు ఆరోగ్యవంతుల్లోనూ ఇది కొద్దికొద్దిగా బయటికి వస్తూనే ఉంటుంది కాని, ఆక్సాన్లు దెబ్బతిన్నప్పుడు ఎక్కువగా విడుదలై, మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే ద్రవంలోకి చేరి, అందులో కొంత రక్తంలోకి వస్తుంది. ఎం.ఎస్.లో రోగనిరోధక వ్యవస్థ ముందుగా దాడి చేసేది ఆక్సాన్ మీది మయెలిన్ తొడుగు మీదే. తొడుగు పోయినా కొంతవరకు తిరిగి ఏర్పడగలదు, కాని మెదడులోగాని వెన్నుపాములోగాని తెగిపోయిన ఆక్సాన్ మళ్లీ అతుక్కోదు. శాశ్వత వైకల్యానికి మూలం ముఖ్యంగా అక్కడే ఉంది కనుక, ఆక్సాన్ల నష్టాన్ని సూచించే ప్రోటీన్‌ను పక్కన పెట్టడం నాకు సమంజసంగా తోచదు.

2022లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, నాడీవ్యాధి లేని 5,000 మందికి పైగా వ్యక్తుల రక్తాన్ని పరీక్షించి, వయసునూ బరువునూ లెక్కలోకి తీసుకుని ఒక ప్రామాణిక పట్టికను తయారుచేశారు. నిశిత గారి నివేదికలోని పర్సెంటైల్ అటువంటి పట్టిక నుంచి వచ్చినదే. ఆ పట్టికను స్విట్జర్లాండ్‌లోని 1,313 మంది ఎం.ఎస్. రోగులకు అన్వయించినప్పుడు, సగటు నుంచి ఎంత దూరంలో ఉన్నారో చెప్పే జెడ్ స్కోరు 1.5 దాటినవారిలో, అంటే ఇంచుమించు 93వ పర్సెంటైల్ పైన ఉన్నవారిలో, ఆ తరువాత జబ్బు చురుకుగా మారే అవకాశపు నిష్పత్తి మూడు రెట్లకు కొంచెం పైనే ఉన్నట్టు తేలింది. అన్ని విధాలా నిలకడగా ఉన్నారనుకున్నవారిని మాత్రమే విడదీసి చూసినా ఆ నిష్పత్తి 2.66గా ఉంది. నిశిత గారు సరిగ్గా ఆ రెండో గుంపులోని మనిషి.

ఎం.ఆర్.ఐ. శుభ్రంగా ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. మనం మామూలుగా తీసే ఎం.ఆర్.ఐ. మెదడు పైపొరలోని మచ్చల్లో చాలావాటిని చూపదు. వెన్నుపామును ప్రతిసారీ తీయరు కూడా. రోగి చెప్పుకోదగ్గ లక్షణం కనిపించకముందే నష్టం మొదలవుతుందనడానికి మరో ఆధారం ఉంది. అమెరికా సైనికుల నుంచి సేకరించి దాచిన రక్తపు నమూనాలను వెనక్కి వెళ్లి పరీక్షించినప్పుడు, తరువాతి కాలంలో ఎం.ఎస్. వచ్చినవారిలో తొలి లక్షణానికి ఏళ్ల ముందే ఈ ప్రోటీన్ ఎక్కువగా ఉన్నట్టు 2020లో ప్రచురించారు. నడక తడబడే దాకా ఆగడమంటే, తిరిగి రానిది పోయాక మేల్కోవడమే అవుతుంది.

సంభావ్యత

నేను వైద్య పరిశోధనల్లో గణాంకాలు చూసే పనిలో ఉన్నాను. తంతువు గారు చెప్పిన అధ్యయనం మంచిదే, నేను దాన్ని చాలాసార్లు చదివాను. కాని వారు అందులోంచి తీసిన నిర్ణయం ఆ అధ్యయనం మోయగలిగినదానికంటే బరువైనది.

మొదటి సంగతి, నిలకడగా ఉన్నవారిలో 2.66 అన్న నిష్పత్తికి ఆ పత్రంలోనే ఇచ్చిన విశ్వసనీయ అవధి 1.08 నుంచి 6.55 వరకు ఉంది. అసలు విలువ ఇంచుమించు తేడాయే లేనంత చిన్నదైనా కావచ్చు, ఆరు రెట్లు దాటినదైనా కావచ్చు. ఇంత వెడల్పైన అవధిలోంచి నడిమి అంకెను ఒక్కదాన్నే ఎత్తి రోగి ముందు పెడితే, లేని కచ్చితత్వం ఉన్నట్టు కనిపిస్తుంది. రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. అక్కడ లెక్కించినది జబ్బు తిరగబెట్టడం, కొత్త మచ్చలు రావడం, వైకల్యం పెరగడం అన్నింటినీ ఒకే గంపలో వేసిన ఫలితం. నిశిత గారు అడిగింది తన కాళ్ల గురించి. ఎం.ఆర్.ఐ.లో వచ్చే ఒక కొత్త మచ్చకూ, మనిషి నడవలేకపోవడానికీ మధ్య చాలా దూరం ఉంది.

వైకల్యాన్నే నేరుగా చూసిన పరిశోధన 2023లో జామా న్యూరాలజీలో వచ్చింది. అమెరికాలోని ఒక బృందాన్నీ స్విట్జర్లాండ్‌లోని ఒక బృందాన్నీ కలిపి దాదాపు 1,900 మందిని అందులో పరిశీలించారు. జబ్బు తిరగబెట్టకుండానే వైకల్యం పెరిగే ప్రమాదం, అంతకు ఒకటి రెండేళ్ల ముందు న్యూరోఫిలమెంట్ పెరిగినవారిలో 49 శాతం వరకు ఎక్కువగా ఉంది. ఈ 49 శాతం అన్న మాట వినగానే రోగికి గుండె జారిపోతుంది కనుక, దాని అర్థాన్ని కొంచెం విడమరచి చూద్దాం. లెక్క తేలికగా ఉండడానికి నేను ఊహించి చెబుతున్న సంఖ్యలివి. అంకె మామూలుగా ఉన్న 100 మందిలో రెండేళ్లలో 10 మందికి వైకల్యం పెరుగుతుందనుకుందాం. ప్రమాదం దాదాపు సగం పెరిగితే, అంకె ఎక్కువగా ఉన్న 100 మందిలో అది 15 మంది దగ్గరకు వస్తుంది. ఈ రెండో గుంపులో అందరికీ మందు మార్చామనుకోండి, 85 మందికి ఆ రెండేళ్లలో ఏమీ కాకపోయినా కొత్త మందు దుష్ఫలితాల భారం మీద పడుతుంది. ఆ 15 మందిలోనైనా బలమైన మందు ఎంతమందిని కాపాడుతుందన్నది వేరే ప్రశ్న, దానికి ఈ అధ్యయనంలో సమాధానం వెతకకూడదు. గుంపుల మధ్య తేడా ఎంత స్పష్టంగా ఉన్నా, ఒక్క మనిషి ఏ గుంపులో పడతాడో చెప్పడానికి అది చాలదు.

సూచికను నమ్మి చికిత్స చేసిన చేదు అనుభవం వైద్యానికి కొత్తేమీ కాదు. గుండెపోటు తరువాత లయ తప్పే గుండె స్పందనలను అణచితే ప్రాణం నిలుస్తుందని ఒకప్పుడు అందరూ నమ్మారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ స్పందనలను చక్కగా అణచాయి. తీరా 1989లో పరీక్ష ఫలితాలు బయటకు వచ్చేసరికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారి కంటే ఆ మందులు తీసుకున్నవారిలోనే ఎక్కువమంది చనిపోయారని తేలింది. అంకె మెరుగుపడింది, మనిషి దక్కలేదు. బలమైన ఎం.ఎస్. మందులు కూడా ఊరికే రావు. నటాలిజుమాబ్‌తో జె.సి. వైరస్ వల్ల మెదడుకు వచ్చే ప్రమాదకరమైన ఇన్‌ఫెక్షన్, రోగనిరోధక వ్యవస్థకు చెందిన బి కణాలను తొలగించే మందులతో పదేపదే వచ్చే ఇన్‌ఫెక్షన్లు, ఆలెమ్‌టుజుమాబ్‌తో థైరాయిడ్ జబ్బులు తంతువు గారికి నాకంటే బాగా తెలుసు.

పరీక్షనాళిక

వాదనలోకి దిగేముందు ఆ అంకె ఎలా పుడుతుందో కొంచెం దగ్గరగా చూడాలని నా మనవి. ఈ పరీక్ష చేసే ప్రయోగశాలలోనే నా పని.

మేం కొలిచేది మిల్లీలీటరుకు పికోగ్రాముల్లో. పికోగ్రాము అంటే ఒక గ్రాములో లక్ష కోట్ల వంతు. ఆరోగ్యంగా ఉన్న యువకుల రక్తంలో అది తరచు ఒక అంకెలోనే ఉంటుంది. మెదడు-వెన్నుపాము ద్రవంలో ఉండేదానితో పోలిస్తే రక్తంలో ఉండేది పదుల వంతులు తక్కువ. అందువల్లనే పాత పద్ధతుల్లో రక్తంలో దీన్ని నమ్మకంగా పట్టుకోవడం సాధ్యమయ్యేది కాదు, నడుములో సూది గుచ్చి ద్రవం తీయవలసి వచ్చేది. ఇప్పుడు వాడే సున్నితమైన పద్ధతుల్లో ఒకటి ఇలా ఉంటుంది: యాంటీబాడీలు పూసిన సూక్ష్మమైన అయస్కాంత పూసలను సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక వేరయ్యే ద్రవంలో, కలుపుతాం, ప్రోటీన్ అణువులు వాటికి అంటుకుంటాయి, ఆ తరువాత ఒక్కో పూస ఒక్కో గుంటలో పడేలా వేలకొద్దీ గుంటలున్న పలక మీదికి వాటిని పంపుతాం. ప్రోటీన్ పట్టుకున్న పూస ఉన్న గుంట వెలుగుతుంది. వెలిగిన గుంటలను యంత్రం లెక్కపెడుతుంది. నిశిత గారి నివేదికలోని అంకె ఇటువంటి లెక్క నుంచే వస్తుంది.

ఈ లెక్క మెదడు ఒక్కదాన్ని బట్టే మారదు. వయసు పెరిగేకొద్దీ పెరుగుతుంది, అరవై దాటాక ఇంకా వేగంగా పెరుగుతుంది. శరీర బరువు ఎక్కువైతే తగ్గుతుంది, ఎందుకంటే రక్తం పరిమాణం పెరిగి ప్రోటీన్ పలచబడుతుందని భావిస్తారు. ఈ రెండింటినీ పట్టిక సరిచేస్తుంది. మూత్రపిండాలు సరిగా పనిచేయకపోతే పెరిగేదాన్ని మాత్రం వయసునూ బరువునూ చూసే పట్టిక సరిచేయదు. చేతులు, కాళ్ల నరాల్లోనూ ఇదే ప్రోటీన్ ఉంటుంది కనుక మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్నా, కొన్ని క్యాన్సర్ మందులు నరాలను పాడుచేసినా, తలకు దెబ్బ తగిలినా, పక్షవాతం వచ్చినా అంకె పైకి పోతుంది. నష్టపోయింది ఏ ఆక్సాన్ అన్నది ఆ ప్రోటీన్ చెప్పదు. నష్టం జరిగిందన్నంతవరకే చెబుతుంది.

ఇంకొక మాట. ఒక యంత్రం మీద వచ్చిన 12ను మరో కంపెనీ యంత్రం మీద వచ్చిన 12తో పోల్చరాదు. రెండు పద్ధతుల అంకెలు కలిసి పైకీ కిందికీ కదులుతాయి కాని ఒకటి కావు. నిశిత గారి 94వ పర్సెంటైల్ ఒక్క నమూనాతో వచ్చిందా, అంతకుముందు వారిదే మరో అంకె ఉందా అన్నది నాకు మొదటి ప్రశ్న. ఎప్పుడూ 90 దగ్గర ఉండే మనిషి 94కు రావడం వేరు, 40 నుంచి 94కు ఎగబాకడం వేరు.

నిదానం

చర్చ అంతా ఎక్కువ అంకె గురించే సాగుతోంది. నాది రెండో వైపు కథ. నాకు క్రమంగా ముదిరే రకం ఎం.ఎస్. ఉంది. గత నాలుగేళ్లలో నా న్యూరోఫిలమెంట్ ఎన్నడూ మామూలు హద్దు దాటలేదు. ప్రతి నివేదికలోనూ ఆ అంకె పక్కన ఆకుపచ్చ గుర్తే ఉంటుంది.

ఆ నాలుగేళ్లలోనే నా కుడి చెప్పు ముందువైపు అరగడం మొదలైంది. ఎడమది కొత్తగానే ఉంటే కుడిదాని బొటనవేలి దగ్గర మాత్రం అడుగు పలచబడి పగిలేది. పాదం పూర్తిగా పైకి లేవక నేలను రాసుకుంటూ పోతోందని నాకంటే ముందు ఆ చెప్పుకే తెలిసింది. తరువాత చొక్కా పై గుండీ పెట్టుకోవడానికి అద్దం ముందు నిలబడే సమయం పెరిగింది. ఇప్పుడు చేతికర్ర లేకుండా బయటికి వెళ్లను. ఈ మార్పులన్నీ వస్తున్న కాలంలో నా రక్తం అంతా బాగుందనే చెబుతూ వచ్చింది. ఒకసారి వైద్యులకు నా నడక గురించి చెబుతుంటే, అంకె బాగానే ఉంది కదా, బహుశా అలసట అయి ఉంటుంది అన్నారు. ఆ మాట నన్ను ఈనాటికీ బాధిస్తుంది. పెరిగిన అంకె చూసి తొందరపడడం ఒక పొరపాటైతే, పెరగని అంకె చూపి మనిషి చెప్పేది వినకపోవడం దానికంటే పెద్ద పొరపాటని నేను నమ్ముతాను.

నా కొద్దిపాటి అవగాహనలో ఇది ఇలా ఉంది. చెరువు గట్టుకు గండి పడితే, గండి దగ్గర నిలబడి చూసేవాడికి నీరు ఎంత వేగంగా పోతోందో తెలుస్తుంది. చెరువులో ఇంకా ఎంత మిగిలిందో అక్కడ నిలబడితే తెలియదు. ఈ ప్రోటీన్ గండి దగ్గరి కొలత. వైకల్యం చెరువులో మిగిలిన నీటిని బట్టి ఉంటుంది. నా వంటివారిలో నీరు సన్నగా, ఏళ్ల తరబడి ఊరిపోతోంది. పైగా పోవడానికి మిగిలినదే తక్కువైనప్పుడు గండిలో పారేదీ తక్కువే కావచ్చు.

తంతువు

నిదానం గారూ, మీ మాట నన్ను ఆపింది. మీతో అలా అన్నది నేను కాకపోయినా, అటువంటి మాట నా నోటినుంచి ఎన్నడూ రాలేదని చెప్పే ధైర్యం నాకు లేదు.

మీ చెరువు పోలికకు నేనొకటి కలుపుతాను, అది నా వాదనకు వ్యతిరేకంగా వెళ్లినా సరే. గండి ఎంత పెద్దదన్నదే కాక ఎక్కడ పడిందన్నది కూడా లెక్కలోకి రావాలి. మెదడులో పెద్దగా పని లేని చోట ఒక వెడల్పాటి మచ్చ ఏర్పడితే ఎన్నో ఆక్సాన్లు తెగి రక్తంలో ప్రోటీన్ బాగా పెరుగుతుంది, రోగికి మాత్రం ఏమీ తెలియకపోవచ్చు. మెడ దగ్గర వెన్నుపాము ఇంచుమించు మన చిటికెన వేలంత మందమే ఉంటుంది. కాళ్లను కదిలించే దారులన్నీ అందులోంచే ఇరుకుగా పోతాయి. అక్కడ తెగేది కొద్ది ఆక్సాన్లే అయినా, రక్తంలో అంకె కదలకపోయినా, మనిషి నడక మారిపోతుంది. రక్తం చోటును చెప్పదు. సంభావ్యత గారు చూపిన బలహీనమైన సంబంధానికి ఒక ముఖ్య కారణం గణాంకంలో కాక ఈ శరీర నిర్మాణంలోనే ఉందని నా అభిప్రాయం.

మీకు వస్తున్న మార్పును ఈ రోజుల్లో తిరగబెట్టుళ్లతో సంబంధం లేని ముదురుదల అంటున్నాం. పాత మచ్చల అంచుల్లో మైక్రోగ్లియా అనే మెదడులోని రోగనిరోధక కణాలు నిప్పు ఆరని కుంపటిలా రగులుతూ ఉండడం దీనికి ఒక కారణమని చాలామంది పరిశోధకులు నమ్ముతున్నారు. ఈ రకమైన నష్టానికి న్యూరోఫిలమెంట్ కంటే జి.ఎఫ్.ఎ.పి. అనే మరో ప్రోటీన్ దగ్గరి సూచిక కావచ్చు. అది ఆక్సాన్లకు చెందినది కాదు, వాటిని సాకే ఆస్ట్రోసైట్లకు చెందినది. 2023లో వచ్చిన స్విస్ పరిశోధన ప్రకారం, రక్తంలో జి.ఎఫ్.ఎ.పి. ఎక్కువగా ఉండడానికి క్రమంగా ముదిరే జబ్బుతో సంబంధం గట్టిగా కనిపించింది. న్యూరోఫిలమెంట్‌కు అప్పటికప్పుడు చెలరేగే మంటతో (ఇన్‌ఫ్లమేషన్‌తో) సంబంధం ఎక్కువ. ఆ రెండింటినీ కలిపి చూడడమే ముందున్న దారి అని నేను అనుకుంటున్నాను. ఒక్క ప్రోటీన్‌తో రెండు జబ్బులనూ కొలవాలని చూశాం.

అవి నిజంగా రెండు వేరు ప్రక్రియలని మందుల పరీక్షలు కూడా చెబుతున్నాయి. టోలెబ్రుటినిబ్ అనే మందును పాత మందు టెరిఫ్లునోమైడ్‌తో పోల్చిన రెండు పరీక్షల్లో తిరగబెట్టుళ్లను తగ్గించడంలో అది మెరుగు కాలేదు. అదే మందు, తిరగబెట్టడం ఆగిపోయి క్రమంగా ముదిరే దశలో ఉన్నవారి మీద జరిగిన మరో పరీక్షలో, ఆరు నెలల పాటు నిలిచిన వైకల్యం పెరుగుదల ప్రమాదాన్ని ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే 31 శాతం తగ్గించింది. కాలేయానికి తీవ్రమైన హాని జరిగే ప్రమాదం కూడా ఆ మందుతో ఉంది కనుక దీన్ని సంబరంగా చెప్పడం లేదు. మంటను ఆపడం, వైకల్యాన్ని ఆపడం ఒకటే పని కాదన్నందుకు చెబుతున్నాను.

అయినా గుండె మందుల ఉదాహరణతో ఈ ప్రోటీన్‌ను కొట్టివేయడం నాకు నచ్చలేదు. 2023 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఎస్.ఓ.డి.1 జన్యులోపంతో వచ్చే ఎ.ఎల్.ఎస్. అనే నాడీవ్యాధికి టోఫర్‌సెన్ అనే మందును వేగవంతమైన పద్ధతిలో ఆమోదించింది. ఆ ఆమోదానికి ఆధారం రక్తంలో న్యూరోఫిలమెంట్ తగ్గడమే.

సంభావ్యత

తంతువు గారు చెప్పిన టోఫర్‌సెన్ సంగతి నిజమే. కాని అదే మందు మూడో దశ పరీక్షలో 28 వారాల దగ్గర రోగుల పనితీరును కొలిచే ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదన్నది కూడా చెప్పాలి. ఎక్కువ కాలం అనుసరించాక, మందు ముందుగా మొదలుపెట్టినవారు మెరుగ్గా ఉన్నట్టు కనిపించింది. ఎ.ఎల్.ఎస్.లో ఆక్సాన్లు తెగే వేగం చాలా ఎక్కువ, అక్కడ అంకెకూ భవిష్యత్తుకూ మధ్య దూరం తక్కువ. ఆ నమ్మకాన్ని ఏళ్ల తరబడి మెల్లగా సాగే ఎం.ఎస్.కు అప్పు తెచ్చుకోలేం.

నా వైపు ఉన్న లోపాన్ని కూడా ఒప్పుకుంటాను. రక్తంలోని అంకెను మనం దేనితో పోల్చి చూస్తున్నాం? కుర్ట్‌స్కే 1983లో రూపొందించిన ఇ.డి.ఎస్.ఎస్. అనే వైకల్య కొలమానంతో. అది 0 నుంచి 10 వరకు ఉంటుంది. 4 దగ్గర మనిషి ఆధారం లేకుండా 500 మీటర్లు నడవగలడు, 6 దగ్గర 100 మీటర్లు నడవడానికి చేతికర్ర కావాలి. నడుమ భాగమంతా దూరం మీదే నడుస్తుంది. నిదానం గారు గుండీ దగ్గర పోగొట్టుకున్న నిమిషాలు, ఆలోచన మందగించడం, అలసట ఆ కొలబద్దలో సరిగా పడవు. మెట్ల మధ్య దూరం కూడా సమానం కాదు. 2 నుంచి 3కు వెళ్లడమూ, 6 నుంచి 7కు వెళ్లడమూ ఒకటి కాదు. కొలబద్దే మొద్దుగా ఉన్నప్పుడు, ఎంత పదునైన సూచికకైనా దానితో కుదిరే పొంతన కొంతే. అందువల్ల వైకల్యంతో సంబంధం బలహీనంగా ఉందన్న నా మాటలో కొంత తప్పు రక్తానిది కాదు, నడకను కొలిచే తీరుది. తొమ్మిది గుంటల పలకలో మేకులు పెట్టే పరీక్ష, 25 అడుగుల నడకకు పట్టే సమయం, చిహ్నాలకు అంకెలు జతచేసే పరీక్ష వంటివి కలిపి కొలిచిన చోట మళ్లీ లెక్క చూడాలి.

నా అసలు అభ్యంతరం మాత్రం అలాగే ఉంది. ఈ అంకె భవిష్యత్తును కొంత సూచిస్తుందా అన్నది ఒక ప్రశ్న, దాన్ని చూసి మందు మారిస్తే మనిషికి మేలు జరుగుతుందా అన్నది మరో ప్రశ్న. మొదటిదానికి అవునని ఒప్పుకుంటున్నాను. రెండోదానికి సమాధానం ఒకే రీతిగా వస్తుంది. నిలకడగా ఉన్న రోగులను చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడగొట్టి, ఒక గుంపులో వైద్యులకు అంకె చూపి, మరో గుంపులో చూపకుండా ఉంచి, మూడు నాలుగేళ్ల తరువాత ఎవరి చేతులు, కాళ్లు, జ్ఞాపకశక్తి మెరుగ్గా ఉన్నాయో చూడాలి. అటువంటి ఆధారం ముందు పెట్టి మందు మార్చమంటే నేను ఎదురు చెప్పను.

తంతువు

సంభావ్యత గారూ, ఆ పరీక్ష పూర్తయ్యేలోపు నా ముందు కూర్చున్న మనిషికి నేను ఏదో ఒకటి చెప్పాలి. ఏమీ మార్చకపోవడం కూడా ఒక నిర్ణయమే, దానికీ ఒక నష్టం ఉంది. అయితే మొదట రాసిన మాటను కొంత సరిదిద్దుకుంటున్నాను. ఒక్క నమూనా చూసి మార్చమని ఇప్పుడు చెప్పను. అంకె పెరిగితే మరింత శ్రద్ధగా వెతకాలి. మూడు నెలల తరువాత మళ్లీ పరీక్షించాలి, ఎందుకంటే మధ్యలో తెలియకుండా చిన్న తిరగబెట్టుడు వచ్చిపోయి ఉంటే ఆ అంకె సాధారణంగా కొన్ని నెలల్లో కిందికి దిగుతుంది. వెన్నుపాముతో సహా ఎం.ఆర్.ఐ. తీయాలి. మూత్రపిండాలనూ చక్కెరనూ చూడాలి. మందు సరిగా వేసుకుంటున్నారా అని అడగాలి. ఇవన్నీ చేశాక కూడా అంకె పైనే నిలిచి ఉంటే, అప్పుడు మందు మార్చడం గురించి రోగితో మాట్లాడతాను. ఆ సమయంలో ఇప్పుడు వాడుతున్నది తక్కువ శక్తి గల మందైతే మార్చడానికే నా మొగ్గు ఉంటుంది. ఇప్పటికే బలమైన మందు మీద ఉన్న మనిషైతే ఇంకో బలమైన మందుకు దూకించడానికి నాకు ఆధారం కనిపించదు.

నిశిత

అందరికీ కృతజ్ఞతలు. పరీక్షనాళిక గారు అడిగిన ప్రశ్నకు సమాధానం వెతికాను. నాకు ఇంతకుముందు ఒక్కసారే, రెండేళ్ల క్రితం, ఈ పరీక్ష చేశారు. అప్పటి అంకె కాగితం మీద ఉంది కాని అది వేరే ప్రయోగశాలది, పద్ధతి పేరు కూడా వేరు. అంటే నేను పెరుగుదల అనుకున్నది పెరుగుదలేనో, రెండు యంత్రాల మధ్య తేడాయో ఇప్పుడు చెప్పలేను. పైగా రక్తం ఇవ్వడానికి ఐదు వారాల ముందు మెట్ల మీద జారిపడి తలకు దెబ్బ తగిలింది. ఆ సంగతి వైద్యులకు చెప్పాలని నాకు తోచలేదు. జబ్బుకు సంబంధించింది కాదనుకున్నాను.

నిదానం గారి చెప్పు గురించి చదివాక నా చెప్పులు తీసి చూసుకున్నాను. రెండూ ఒకేలా అరిగాయి. ఎందుకో ఆ క్షణంలో నాకు 94 కంటే అదే ఎక్కువ ధైర్యం ఇచ్చింది, అది కూడా ఒక కొలతగా సరిపోదని తెలిసినా సరే. నా వైద్యులతో మాట్లాడాను. తలకు దెబ్బ తగిలిన సంగతి విని వారు మందు మార్పును ఆపారు. మూడు నెలల తరువాత మళ్లీ రక్తం తీస్తారు, వెన్నుపాము ఎం.ఆర్.ఐ. కూడా తీయిస్తామన్నారు. అప్పటికీ అంకె ఎక్కువగానే ఉంటే మందు మార్చడానికి నేను సిద్ధంగా ఉంటానని వారికి మాటిచ్చాను. రక్తం ఇచ్చేటప్పుడు నేను గమనించవలసింది ఏమైనా ఉందా?

పరీక్షనాళిక

ఉంది. వీలైతే ఈసారి చేసిన ప్రయోగశాలలోనే, అదే పద్ధతితో చేయించండి. పోయినసారి సీరం తీశారో ప్లాస్మా (రక్తాన్ని గడ్డకట్టనీయకుండా వేరుచేసిన ద్రవం) తీశారో నివేదికలో రాసి ఉంటుంది, ఈసారి కూడా అదే తీయమనండి, రెండింటి అంకెల్లో కొద్దిగా తేడా వస్తుంది. ఆ రోజు మీ బరువును మళ్లీ చూసి రాయించండి, పాత బరువుతో పర్సెంటైల్ లెక్క కట్టవద్దని చెప్పండి. ఈ మూడు నెలల్లో జ్వరం వచ్చినా, పడినా, కొత్త మందు ఏదైనా మొదలుపెట్టినా తేదీతో సహా ఒక కాగితం మీద రాసుకుని రక్తం ఇచ్చేచోట ఇవ్వండి. మాకు నాళికలో వచ్చే రక్తంతో పాటు అటువంటి కాగితం చాలా అరుదుగా వస్తుంది.